గుడ్డ ఆరాలంటే గాలి మారాలి

పోయిన నవంబర్‌లో ప్రిపరేషన్ హాలిడేస్ ఇస్తే ఇంటికి పోయినాను. తిరుపతిలో బస్సు దిగేసరికి ముసురు. బ్యాగు తల మీద పెట్టుకుని ఇంటికి పోయి తలుపు తీస్తే, హాల్లో మనిషి నిలబడే చోటు లేదు. కిటికీ ఊచ నుంచి మేకు దాకా ఒక తాడు, మేకు నుంచి తలుపు గొళ్లెం దాకా ఇంకో తాడు. కుర్చీల వీపుల మీద, టీవీ స్టాండు మీద, చివరికి నా పాత క్యారమ్ బోర్డు మీద కూడా గుడ్డలే. ఎలక్షన్ ముందు రోజు పార్టీ ఆఫీసు తోరణాల మాదిరి ఉంది మా ఇల్లు.

అక్క పురుటికి వచ్చింది. పాప పుట్టి అప్పటికి పన్నెండు రోజులు. ఆ గుడ్డలన్నీ దాని పొత్తిగుడ్డలు. పెద్దోళ్లు మొహమాటం లేకుండా ఉచ్చగుడ్డలు అనే అంటారు. అవ్వ పాత కాటన్ చీరలు, నాయన పాత పంచెలు చించి కుట్టినవి. మూడు రోజులుగా ఒక్క గుడ్డ కూడా సరిగ్గా ఆరలేదంట. అమ్మ కళ్లు నిద్ర లేక లోపలికి పోయినాయి. పాపకు తొడల సందున ఎర్రగా దద్దుర్లు. అక్క దాన్ని చూసి ఏడుస్తోంది.

నన్ను చూడగానే అవ్వ అన్న మొదటి మాట, "ఏం నాయనా, ఇంజనీరు సదువుతాండావు కదా, ఈ గుడ్డలు ఆరే దోవేందో సెప్పు సూద్దాం."

నవ్వొచ్చింది కానీ, నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ సబ్జెక్టులో సైక్రోమెట్రిక్ చార్టు మీద లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నోణ్ణే. ఆ చార్టుకూ మా హాల్లో తాడుకూ ఏమైనా సంబంధం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆ వారం రోజుల్లో తెలిసింది. మన మ్యాగజైన్‌కి ఏదైనా రాయమని క్లబ్బోళ్లు అడిగితే కవిత రాదు కాబట్టి ఇది రాస్తున్నా. ఇంట్లో చంటిపిల్ల ఉన్నోళ్లకు, రేపు ఉండబోయేవాళ్లకు పనికొస్తుంది. ఒక్క విషయమైతే ప్రాణానికి సంబంధించినది. అందుకే చివరి దాకా చదవమని అడుగుతున్నా.

మన చలికాలం రెండు రకాలు

ముందు మన ఊరి వాతావరణం గురించి. హైదరాబాద్ ఫ్రెండ్స్‌కి చలికాలం అంటే పొడి చలి. పొద్దున వణుకు, మధ్యాహ్నం ఎండ. తిరుపతి, చిత్తూరు వైపు అట్లా కాదు. నైరుతి వానలతో పాటు ఈశాన్య రుతుపవనాల మీద కూడా ఆశ పెట్టుకునే ప్రాంతం మనది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో ఎక్కడ వాయుగుండం పట్టినా దాని తడి మన మీదికి వస్తుంది. 2021 నవంబర్‌లో తిరుమల మెట్ల మీద నుంచి నీళ్లు జలపాతం మాదిరి దూకింది, తిరుపతి వీధుల్లో కార్లు తేలింది ఎవరూ మర్చిపోరు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్, 2024 నవంబర్ చివర ఫెంగల్. తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరైనా, పుదుచ్చేరి దగ్గరైనా మన మిద్దె మీద దండేలు మాత్రం రోజుల తరబడి ఖాళీ.

ఇది మొదటి చలికాలం. కార్తీకం, మార్గశిరం. చలి పెద్దగా ఉండదు, తడి మాత్రం విపరీతం. దీని తర్వాత ధనుర్మాసం, సంక్రాంతి రోజుల్లో రెండోది వస్తుంది. ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రి మంచు పడుతుంది, పలమనేరు, మదనపల్లె వైపు పొద్దున్నే బయటికి రాబుద్ధి కాదు. కానీ మధ్యాహ్నం ఎండ కాస్తుంది.

ఈ రెంటికీ ఒకే మందు పని చెయ్యదు. చాలా ఇళ్లలో జరిగే మొదటి పొరపాటు ఇదే. చలి ఎక్కువ కాబట్టి గుడ్డలు ఆరడం లేదు అనుకుంటాం. నిజానికి చలి సంగతి తర్వాత. గాలిలో చోటు లేక ఆరడం లేదు.

గాలిలో చోటు అంటే

ఒక క్యూబిక్ మీటర్ గాలిని ఒక డబ్బా అనుకోండి. ఆ డబ్బాలో ఎంత నీటి ఆవిరి పడుతుందో దానికో హద్దు ఉంది. ఆ హద్దు వేడిని బట్టి పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాములు, 25 దగ్గర 23 గ్రాములు, 30 దగ్గర 30 గ్రాములు, 40 దగ్గర 51 గ్రాములు. ఆ డబ్బా ఇప్పటికే ఎంత శాతం నిండి ఉందో చెప్పేదే మనం క్లాసులో రిలేటివ్ హ్యుమిడిటీ అనేది. ఇంకా ఖాళీ ఉన్నంత వరకే తడిగుడ్డలోని నీళ్లు అందులోకి పోగలవు.

ఇప్పుడు రెండు రోజుల్ని పోల్చి చూద్దాం. మే నెల మధ్యాహ్నం, 40 డిగ్రీలు, తేమ 25 శాతం అనుకుందాం. డబ్బా 51 గ్రాములది, అందులో నిండింది 13 మాత్రమే. అంటే ప్రతి క్యూబిక్ మీటర్‌లో ఇంకా 38 గ్రాముల చోటు. నవంబర్ ముసురు రోజు, 23 డిగ్రీలు, తేమ 95 శాతం అనుకుందాం. డబ్బా దాదాపు 20.6 గ్రాములది, నిండింది 19.6. మిగిలిన చోటు ఒకే ఒక్క గ్రాము.

38 ఎక్కడ, 1 ఎక్కడ. వేసవిలో గంటలో ఆరే గుడ్డ ముసురులో రెండు రోజులైనా ఆరదంటే అమ్మ చేతిలో తప్పు లేదు, సబ్బులో తప్పు లేదు. ఈ రెండు అంకెల్లోనే ఉంది విషయం.

ఆరడానికి కావాల్సింది మూడు. నీళ్లు ఆవిరి కావడానికి వేడి. ఆ ఆవిరి పోవడానికి గాలిలో చోటు. గుడ్డ పక్కన నిండిపోయిన గాలిని పక్కకు తోసి కొత్త గాలిని తెచ్చే కదలిక. 1800ల మొదట్లోనే జాన్ డాల్టన్ ఈ లెక్క తేల్చినాడు, అణు సిద్ధాంతం చెప్పిన డాల్టనే. మనం మాత్రం మూడింట్లో ఫ్యాన్ ఒక్కటి వేసి ఊరుకుంటాం.

ఫ్యాన్ వేసి తలుపు మూస్తే

మా ఇంట్లో జరుగుతున్నది అదే. బెడ్రూంలో ఇరవై గుడ్డలు ఆరేసి, చలిగాలి పాపకు తగులుతుందని కిటికీలు మూసి, సీలింగ్ ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి, పాపను హాల్లో పడుకోబెడుతున్నారు. రాత్రంతా తిరిగినా పొద్దునకు గుడ్డలు అట్లే చెమ్మగా ఉన్నాయి. గోడలు కూడా చెమ్మెక్కినాయి. ముక్కిన వాసన.

కాగితం తీసి లెక్క వేసినాను. గది 10 అడుగులు, 12 అడుగులు, ఎత్తు 10. అంటే 34 క్యూబిక్ మీటర్లు. లోపల 25 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకుంటే ప్రతి క్యూబిక్ మీటర్‌లో మిగిలిన చోటు 4.6 గ్రాములు. గది మొత్తానికి సుమారు 156 గ్రాములు. ఒక్కో గుడ్డ పొడిగా 50 గ్రాములు, చేత్తో గట్టిగా పిండినాక అంతే బరువు నీళ్లు మిగిలినాయి అనుకుందాం. ఇరవై గుడ్డల్లో ఒక కిలో నీళ్లు. కిలో నీళ్లకు గదిలో ఉన్న చోటు 156 గ్రాములు. మూడు గుడ్డల నీళ్లతోనే గది నిండిపోయింది. మిగతా పదిహేడు గుడ్డలు టికెట్ లేక ప్లాట్‌ఫాం మీద నిలబడినట్టే.

ఫ్యాన్ చేసేది గాలిని కదిలించడం. నీళ్లను గది బయటికి పంపడం దాని పని కాదు. మూసిన గదిలో ఫ్యాన్ నిండిన గాలినే తిప్పి తిప్పి మళ్లీ గుడ్డలకు కొడుతుంది.

మరి కిటికీ తెరిస్తే బయట గాలి 95 శాతం తడిగా ఉంది కదా, దాంతో ఏం లాభం అని అక్క అడిగింది. మంచి ప్రశ్న. ఇల్లు ఎప్పుడూ బయటి కంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. మనుషులు, పొయ్యి, ఫ్రిజ్ వెనక భాగం, గోడలు దాచుకున్న వేడి. బయటి 23 డిగ్రీల గాలి లోపలికి వచ్చి 26 డిగ్రీలకు వెచ్చబడితే దాని డబ్బా 24 గ్రాములు దాటుతుంది. అది మోసుకొచ్చిన నీళ్లు మాత్రం అంతే. ఒక గ్రాము చోటు కాస్తా అయిదు గ్రాములు అవుతుంది. ఆ లెక్కన కిలో నీళ్లు బయటికి పోవాలంటే కనీసం 200 క్యూబిక్ మీటర్ల గాలి మారాలి, అంటే గది గాలి ఆరుసార్లు. పోయే గాలి పూర్తిగా నిండి పోదు కాబట్టి ఇంకా రెండింతలు వేసుకోండి. వంటింట్లో ఉండే చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఈ పని కొన్ని గంటల్లో చేస్తుంది.

అవ్వ కుంపటి

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా.

అవ్వది పుంగనూరు వైపు పల్లె. ఆమె చెప్పేది ఒకటే. "మేము నలుగురు బిడ్డల్ని సాకలేదా? కుంపట్లో బొగ్గులేసి, మీద గంప బోర్లించి, గంప మీద గుడ్డలు పరిస్తే గడియలో పెళపెళ ఆరిపోతాయి. పైన రెండు సామ్రాణి పలుకులు ఏస్తే వాసన కూడా ఉండదు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. చార్టులో చూసినా నిజమే. ముసురు గాలిని 23 నుంచి 30 డిగ్రీలకు వేడి చేస్తే దానిలో చోటు ఒక గ్రాము నుంచి దాదాపు 11 గ్రాములకు పెరుగుతుంది. వేడిగాలి గంప సందుల్లోంచి పైకి లేస్తుంది కాబట్టి కదలిక కూడా దానంతట అదే వస్తుంది. వేడి, చోటు, కదలిక మూడూ ఒకే చోట. కరెంటు లేని కాలంలో వెదురు గంపతో చేసిన డ్రయ్యర్ అది. గుడ్డ నిప్పుకు తగలకుండా ఎంత ఎత్తుండాలో కూడా గంప ఎత్తే చెప్తుంది.

నేను ఇంటికి రాకముందు రోజు సాయంత్రం అవ్వ మాట మీద అమ్మ కుంపటి ముట్టించింది. బాలింత గది, కిటికీలు మూసినారు, తలుపు దగ్గరేసినారు. పాపను మాత్రం అప్పుడే నాయన ఎత్తుకుని హాల్లో తిప్పుతున్నాడు. అరగంట తర్వాత అక్కకు తల పట్టేసినట్టు నొప్పి, అమ్మకు కడుపులో తిప్పినట్టు అయింది. నిద్ర లేక అట్లా ఉందేమో అనుకున్నారు. అవ్వ దిష్టి తీసింది. పాపకు పాలివ్వడానికి అక్క హాల్లోకి వచ్చి కూర్చున్న కాసేపటికి తేలికపడింది. మళ్లీ ఆ రాత్రి ముట్టించాలని అనుకుంటున్నారు, నేను పోయేసరికి.

ఈ మాట అమ్మ మామూలుగా, కూర వడ్డిస్తూ చెప్పింది. నాకు ముద్ద దిగలేదు.

బొగ్గు కాలేటప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దాని కంటే 200 రెట్లు మించి గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండడం, మత్తు. తర్వాత లేవలేరు. పసిపిల్లలు మన కంటే వేగంగా ఊపిరి పీలుస్తారు కాబట్టి వాళ్లకు ముప్పు ఇంకా త్వరగా వస్తుంది. వాళ్లు తలనొప్పి అని చెప్పలేరు కూడా. పాలు తాగకుండా మత్తుగా పడుకుంటే, బుద్ధిగా నిద్రపోతోంది అనుకుంటాం.

ఇందులో మోసం ఎక్కడుందంటే, ఎర్రగా కణకణలాడే బొగ్గుకు పొగ ఉండదు. పొగ లేదు కదా, ఇంకేం భయం అనుకుంటాం. వాయువు ఉన్నట్టు ముక్కు చెప్పదు.

నేను ఇదంతా చెప్తే అవ్వకు కోపం వచ్చింది. "అట్లయితే మా కాలంలో అందరూ సచ్చిపోవాల గదా!" అనింది. ఆ ప్రశ్నను నేను తోసెయ్యలేకపోయినాను. ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించినా. జవాబు అవ్వ పాత ఇంట్లోనే దొరికింది.

అవ్వ బిడ్డల్ని సాకింది పెంకుటింట్లో. పెంకుల మధ్య సందులు, గోడకూ కప్పుకూ మధ్య సందు, వంటింటి పైన పొగ పోయే గూడు. తలుపు మూసినా ఆ ఇల్లు ఊపిరి పీలుస్తూనే ఉండేది. వేడిగాలి పైనుంచి పోతూ ఉంటే కింద నుంచి కొత్త గాలి వస్తూ ఉండేది. మనది స్లాబు ఇల్లు. అల్యూమినియం ఫ్రేముల జరుపుడు కిటికీలు, దోమల మెష్, తలుపు కింద చెమ్మ రాకుండా రబ్బరు పట్టీ. కిటికీ మూస్తే గాలి పోయే దోవ దాదాపు లేదు. కుంపటి అదే, బొగ్గు అదే. ఇల్లు మారిపోయింది.

పొద్దున ఈ మాట చెప్తే అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అవును, ఆ ఇంట్లో పైన పెంకుల సందు నుంచి సుక్కలు కనపడేవి" అనింది. కుంపటి ఆ రోజే మిద్దె మీదికి పోయింది. సజ్జా కింద, నాలుగు వైపులా గాలి ఆడే చోట. వాన తెరిపిచ్చినప్పుడు అవ్వే పక్కన కూర్చుని గంప మీద గుడ్డలు తిప్పేది. అక్కడైతే వాయువు నిలవదు. నిప్పును మాత్రం ఎవరూ లేకుండా వదల్లేదు.

సామ్రాణి గురించి కూడా ఒక మాట. దానికీ బొగ్గే. పిల్లల డాక్టర్లు ఆ పొగే పసి ఊపిరితిత్తులకు మంచిది కాదంటారు. కాదు, వేయాల్సిందే అని ఇంట్లో పట్టుబడితే, పాప లేని చోట వేసి, నిప్పు బయట పెట్టేసి, కిటికీలు తెరిచి పొగంతా పోయినాక పాపను తీసుకురండి. రాత్రి గదిలో నిప్పు పెట్టుకుని పడుకోవడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

మేము చేసిన పద్ధతి

వారం రోజులు ఇంట్లో అందరం కలిసి కుదుర్చుకున్న పద్ధతి ఇది. కొత్త వస్తువులేవీ కొనలేదు.

మొదటిది, నీళ్లను గుడ్డలో ఉండగానే వీలైనంత తీసెయ్యడం. ఒక కిలో నీళ్లను ఆవిరి చెయ్యాలంటే సుమారు 2,450 కిలోజౌల్స్ వేడి కావాలి. కరెంటు లెక్కలో 0.68 యూనిట్. అదే నీళ్లను వాషింగ్ మెషీన్ స్పిన్‌లో విదిలించడానికి అయిదు నిమిషాలు, అందులో చిన్న వంతు కరెంటు చాలు. మెషీన్ లేకపోతే ఒక మందమైన పొడి టవల్ పరిచి, పిండిన గుడ్డలు దాని మీద పరిచి, చాప మాదిరి చుట్టి కాలితో తొక్కండి. టవల్ చాలా నీళ్లు లాక్కుంటుంది. ఆ టవల్ పెద్దోళ్లది కాబట్టి అది నిదానంగా ఆరినా పర్వాలేదు. తొక్కే డ్యూటీ నాది.

రెండోది, పొరలు విప్పడం. అమ్మ నాలుగు పొరలు కలిపి కుట్టిన గుడ్డలు మెత్తగా, ముద్దుగా ఉండేవి, కానీ లోపలి పొరకు గాలే తగలదు. కుట్లు విప్పేసినాం. ఒకే పొర గుడ్డను మడత పెట్టి కడితే అదే మందం వస్తుంది, ఆరేసేటప్పుడు విప్పి పరిస్తే రెండు వైపులా గాలి తగులుతుంది. పాత పంచెలు, మల్లు గుడ్డ, నగరి, పుత్తూరు మగ్గాల పల్చటి కాటన్ లుంగీలు దీనికి బాగుంటాయి. పాలిస్టర్ కలిసినది తొందరగా ఆరుతుంది కానీ తడి పీల్చుకోదు, అసలు పనికే రాదు.

మూడోది, తాడు ఎక్కడ కట్టాలి. వెచ్చటి గాలి పైన చేరుతుంది కాబట్టి తాడు ఎత్తులో కట్టినాం. బ్రిటన్‌లో పాత ఇళ్ల వంటగదుల్లో కప్పుకు కప్పీలతో వేలాడే చెక్క దండేలు ఉండేవి, తాడు లాగితే కిందికి దిగి, మళ్లీ పైకి పోయేవి. ఆ ముసురు దేశం వాళ్లకూ ఇదే బాధ మరి. గుడ్డకూ గుడ్డకూ మధ్య జానెడు సందు. గుడ్డల అంచులు ఫ్యాన్ వైపు ఉండాలి, అప్పుడే గాలి మధ్యలోంచి పోతుంది. అడ్డంగా ఉంటే మొదటి గుడ్డ మిగతా వాటికి గోడ అవుతుంది.

నాలుగోది, గాలికి రాకపోకల దోవ. గుడ్డలన్నీ వంటింటి పక్క గదిలోకి మార్చినాం. ఆ గది కిటికీ బెత్తెడు తెరిచి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, మిగతా తలుపులు మూసినాం. గాలి కిటికీలో వచ్చి, గుడ్డల మధ్యగా పోయి, ఎగ్జాస్ట్‌లో బయట పడుతుంది. పాప, అక్క వేరే గదిలో వెచ్చగా ఉన్నారు. గుడ్డలూ పాపా ఒకే గదిలో ఉండకూడదని గట్టిగా పెట్టుకున్నాం. ఆ చెమ్మ గోడల మీద బూజు పుట్టిస్తుంది.

అయిదోది, వేళ. రాత్రి, తెల్లవారుజామున తేమ ఎక్కువ. ముసురులో కూడా మధ్యాహ్నం కొంచెం తగ్గుతుంది. పదకొండు నుంచి నాలుగు వరకు కిటికీలు బాగా తెరిచి, రాత్రికి బెత్తెడుకు తగ్గించేవాళ్లం. ధనుర్మాసంలో వేళ ఇంకా ముఖ్యం. తెల్లవారుజామున 12 డిగ్రీల దగ్గర నిండా తడిసిన గాలి, మధ్యాహ్నం 28కి వెచ్చబడితే 16 గ్రాముల దాకా చోటు ఇస్తుంది. పొద్దున ఏడుకే మంచులో ఆరేస్తే ఏం లాభం లేదు. పదికి వేసి, సాయంత్రం నాలుగున్నరకు లోపలికి తెచ్చుకోవాలి. అయిదు దాటితే మంచు మొదలై ఆరిన గుడ్డే మళ్లీ చెమ్మ పడుతుంది.

చివరిది, ఇస్త్రీ. ముసురులో గుడ్డ తొంభై వంతులు ఆరి అక్కడే ఆగిపోతుంది. ఆ చివరి చెమ్మే పాపకు చేటు. చెమ్మ గుడ్డ కడితే ఒళ్లు మొదటి నిమిషం నుంచే తడిలో నానుతుంది. పైగా చెమ్మలో బ్యాక్టీరియా పెరిగి, మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. ఆ ఘాటు వాసన అదే, దద్దురుకు మంట పెట్టేదీ అదే. అందుకని ప్రతి గుడ్డనూ కాటన్ వేడి మీద, ఆవిరి రావడం ఆగేదాకా రుద్దినాం. ఆ వేడికి సూక్ష్మజీవులు కూడా చాలా వరకు చస్తాయి. చల్లారినాకే మడత. ఆరిందో లేదో చూడడానికి అవ్వ పద్ధతే వాడినాం. పొడి గుడ్డ ఒకటి, అనుమానం ఉన్న గుడ్డ ఒకటి చెరో చెంపకు ఆనించడం. చెమ్మ ఉన్నది చల్లగా తగులుతుంది. మనం ల్యాబ్‌లో వాడే వెట్ బల్బ్ థర్మామీటర్ పని చేసేదీ తడిగుడ్డ చల్లబడుతుందనే.

చెయ్యకూడనివి కూడా కొన్ని. గ్యాస్ పొయ్యి మీద గుడ్డలు పట్టి ఆరబెట్టొద్దు. నిప్పు అంటుకునే ప్రమాదం ఒకటైతే, ఒక కిలో గ్యాస్ కాలితే దాదాపు కిలోన్నర పైగా నీటి ఆవిరి పుడుతుంది. ఆరబెట్టడానికి పోయి గదిలోకి ఇంకా నీళ్లు పోసినట్టు. రూం హీటర్ మీద నేరుగా గుడ్డ కప్పొద్దు. ఘుమఘుమలాడే సాఫ్ట్‌నర్లు వద్దు, అవి నూలుకు పూత పూసి తడి పీల్చకుండా చేస్తాయి. సబ్బు పోయేదాకా ఒకసారి ఎక్కువ జాడించండి. ఏసీ ఉన్నోళ్లు డ్రై మోడ్ వాడుకోవచ్చు. అసలు 1902లో విల్లిస్ క్యారియర్ తన మొదటి ఏసీ తయారుచేసిందే మనుషుల చల్లదనం కోసం కాదు, బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకు కాగితం సాగిపోతుంటే దాన్ని ఆపడానికి. మా ఇంట్లో ఏసీ లేదు, కాబట్టి ఆ సంగతి ఇంతటితో సరి.

ఎన్ని గుడ్డలుంటే చాలు

ఇంకో లెక్క కూడా మా ఇంట్లో బాగా పనికొచ్చింది. ఆపరేషన్స్ రీసెర్చ్ చదివినోళ్లకు లిటిల్స్ లా తెలుసు. 1961లో జాన్ లిటిల్ రుజువు చేసినాడు. ఒక వ్యవస్థలో ఉన్న వస్తువుల సంఖ్య, అవి వచ్చే వేగాన్ని అక్కడ గడిపే సమయంతో గుణిస్తే వస్తుంది. పాపకు రోజుకు 15 గుడ్డలు అనుకుందాం. వేసవిలో ఉతికి ఆరడానికి అరరోజు పడితే, తాడు మీద ఎప్పుడూ ఏడెనిమిదే ఉంటాయి. ముసురులో రెండు రోజులు పడితే 30. దానికి తోడు మడత పెట్టి సిద్ధంగా ఒక పది ఉండాలి. తుఫానుకు కరెంటు పోతే ఫ్యాన్ లేదు, ఇస్త్రీ లేదు. అప్పుడు ఆ పదే దిక్కు.

ఈ లెక్క చెప్తుంటే అవ్వ నవ్వింది. "అందుకే గదా నాయనా, కార్తీకంలో కాన్పు అంటే ఎండాకాలం నుంచే పాత సీరలు దాసిపెట్టేది!" అనింది. ఫార్ములా లేకుండానే ఆమెకు జవాబు తెలుసు. రాత్రిపూట ఒకటి రెండు డైపర్లు వాడుకుందామని కూడా అక్కను ఒప్పించినాం. గుడ్డలే కట్టాలని పంతం పట్టి తల్లి నిద్ర చంపుకోవడంలో అర్థం లేదు. డైపర్ కూడా తడిసిన వెంటనే మార్చాలనే షరతు మీద.

అయిదో రోజుకు దద్దుర్లు తగ్గుముఖం పట్టినాయి. డాక్టరమ్మ ఇచ్చిన క్రీము కూడా పని చేసింది, మొత్తం పేరు నేనే కొట్టెయ్యను. కానీ ఆ అయిదు రోజుల్లో నాకు బాగా తగిలింది ఇంకొకటి. ఉతకడం, జాడించడం, పిండడం, ఆరేయడం, తిరగేయడం, ఇస్త్రీ, మడత. ఒక్కో గుడ్డకు ఏడు పనులు, రోజుకు పదిహేను గుడ్డలు. అంటే రోజుకు వందకు పైగా పనులు. నేను రాకముందు ఇవన్నీ అమ్మ ఒక్కతే చేసింది, వంటతో పాటు. ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి ఎవరికీ కనపడలేదు. నేను తొక్కుడు, నాయన ఇస్త్రీ, అవ్వ కుంపటి అని పంచుకున్న రోజు అమ్మ మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోయింది. ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడలేదు.

ఎగ్జామ్స్‌కి తిరిగి వచ్చేసినాను. సైక్రోమెట్రీ ప్రశ్న వచ్చింది, రాసినాను. ఇది మీరు చదివేసరికి పాప బోర్లా పడుతోంది. మిద్దె మీద దండెం నిండా గుడ్డలు ఎండలో గంటకే కరకరలాడుతున్నాయి. అవ్వ మాత్రం అప్పుడే ఇంకో పాత చీర చించి పెట్టె అడుగున దాచింది. ఎవరికోసం అంటే చెప్పదు.

మీ ఇంట్లో ముసురు రోజుల్లో గుడ్డలు ఎట్లా ఆరబెడతారో, మీ అవ్వలు, జేజిలు ఏం చేసేవాళ్లో మన క్లబ్బుకు రాసి పంపండి. ముఖ్యంగా పలమనేరు, మదనపల్లె వైపు వాళ్లు. ఇంట్లో ఎవరైనా మూసిన గదిలో కుంపటి పెడుతుంటే మాత్రం రాసేదాకా ఆగొద్దు. ఇప్పుడే ఫోన్ చేసి కిటికీ తెరవమనండి.